మనలో మన మాట

సిగ్గులేని మనిషి అన్నాను, అంతే కదా. బూతు కాదు, శాపనార్థం కాదు, ఎవరి అమ్మనీ అక్కనీ తియ్యలేదు. సిగ్గులేనివాణ్ణి పట్టుకుని సిగ్గులేనివాడన్నాను. దానికి నా నోటికి వారం రోజుల్నుంచీ తాళం వేసి, ఇప్పుడు ఒంటిగంటకి కాల్‌లోకి వచ్చి రెండు ముక్కలు సారీ చెబితే తీస్తామంటున్నారు. నేనేమో కళ్ళజోళ్ళ షాపు వెనక స్టాకు గదిలో ఫ్రేముల అట్టపెట్టె మీద కూర్చున్నాను. ఇంకో పెట్టెకి ఆనించిన ఫోను మాటిమాటికీ జారిపోతోంది, లేపి నిలబెడుతున్నాను, మళ్ళీ జారుతోంది. భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు. గోడకి అవతల అద్దాలు అరగదీసే మిషన్ తిరుగుతోంది. నా సీట్లో ఇప్పుడు కొత్త చెయ్యి ఎవరిదో ఉంది, అద్దాన్ని మరీ నొక్కేస్తోంది, మిషన్ మూలుగుతోంది. నెమ్మదిగా అమ్మా, అది రాయి కాదు. లేచి వెళ్ళి చెప్పాలనిపిస్తోంది, చెప్పను. ఇవాళ ఎవరికీ ఏమీ నేర్పే ఓపిక లేదు. ఆ మూలుగు మాత్రం నాకు చాలా ఇష్టం. దాన్నే ఒకప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికి తీసుకెళ్ళి, కంప్యూటర్లో పొడుగ్గా సాగదీసి, కింద ఒక దరువు వేసి, పాట అని పేరు పెట్టాను. మా ఆయన విని, "బాగానే ఉంది గానీ, ఆ గుయ్యిగుయ్యి ఎప్పుడాగుతుంది?" అన్నాడు. ఆగదు, అదే పాట అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారని వెతికితే ఆ సైటు దొరికింది. మీటలతో, వైర్లతో, పాత మిషన్లతో సంగీతం చేసేవాళ్ళంతా ఒకచోట చేరి, మా చెవుల్లో పడ్డది ఇది, మీరూ వినండి అని చెప్పుకునే చోటు. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు. నేను తూనీగని.

తూనీగ అంటే ఎవరో ఎవరూ అడగలేదు. నేను దాక్కోలేదు. అడక్కుండానే వాళ్ళంతట వాళ్ళే నన్ను మనసులో తెల్లగా బొమ్మ వేసుకున్నారు, పైగా మగవాణ్ణి చేశారు. కొన్నాళ్ళు నవ్వొచ్చింది, తర్వాత హాయిగా కూడా అనిపించింది, ఎందుకంటే అక్కడ నా శబ్దం నాకంటే ముందు గదిలోకి అడుగుపెట్టేది. బయట ఎప్పుడూ నా నల్లటి ముఖమే ముందు వెళ్తుంది, నేను వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్ళి, లేదండీ, నేను ఊడవడానికి రాలేదు, ఇక్కడే పనిచేస్తాను అని చెప్పుకోవాలి. అక్కడ ఆ గొడవ లేదు. వాళ్ళందరిలో వానపాము ఒక్కడే నన్ను సరిగ్గా విన్నాడు. లోతు శబ్దాలంటే, నేల కింద పాకుతున్నట్టుండే శబ్దాలంటే అతనికి పిచ్చి, అందుకే ఆ పేరు. నేను పెట్టిన ఒక పాటలో, బాగా వెనకాల, గాలి అంత సన్నగా మా నాన్న గొంతు పడింది. "అమ్మడూ, తలుపేసుకో, నేను వెళ్తున్నా" అని. నాకే తెలియదు అది పడిందని. ఆ పాటని వందల మంది విన్నారు, మెచ్చుకున్నారు, పేరాలకి పేరాలు రాశారు. వానపాము మాత్రం నాకు విడిగా రాశాడు: చివర్లో ఒక పెద్దాయన ఏదో అంటున్నారు, ఏ భాష అది, చాలా బాగుంది. చెప్పాను. అప్పుడు అతనూ చెప్పాడు, తను నల్లవాడినని, ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తానని, గ్యాసు పొయ్యిల హోరు మీద పాట కడుతున్నానని. నేనేమిటో ఎవరికీ చెప్పలేదు అతను. చెప్పొద్దని నేను అడగలేదు కూడా. ఎప్పుడైనా పిలవమని నంబరిచ్చాడు, నేను పిలవలేదు. మాట్లాడుకోవాల్సిందంతా శబ్దాల్లోనే అయిపోతుంటే ఫోనెందుకు అనుకున్నాను.

ఆ గ్యాసు పొయ్యిల పాట పోయిన వారం పెట్టాడు. ఎంత బాగుందో చెప్పలేను. దాని కింద ఒకడు రాశాడు. వాడు పెట్టుకున్న పేరుకి తెలుగులో అర్థం సుత్తి. మన భాషలో సుత్తికి ఇంకో అర్థం ఉందని పాపం వాడికి తెలియదు, అదీ ఇదీ రెండూ సరిపోతాయి. 'మీ జాతికి డప్పులు కొట్టుకోవడం చాలదా, మిషన్లెందుకు? ఇది ఎవరి దగ్గర కొట్టేశావు?' ఇంతే రాశాడు, కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి. ఈ సంగీతాన్ని మొదట కట్టిందే నల్లవాళ్ళు. సుత్తిగాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయించే దరువు వాళ్ళిచ్చిందే. ఒకరింట్లో కూర్చుని, వాళ్ళ కంచంలో తింటూ, నువ్వెవడివిరా లోపలికొచ్చావు అని ఆ ఇంటివాణ్ణే అడగడం అది. వానపాము జవాబిచ్చాడు, గొంతు పెంచకుండా, పాఠం చెప్పినట్టు. కాసేపటికి ఆ జవాబు మాయమైంది. సైటు మంచిచెడ్డలు చూసే గుడ్లగూబ దాన్ని తీసేసి, కింద ఒక ముక్క రాశాడు: ఇక్కడ సంగీతం మాట్లాడుకుందాం, జాతి గొడవలు వద్దు, అందరూ మర్యాద పాటించండి. మరి సుత్తి రాసింది? అది అక్కడే ఉంది. ఎందుకంటే అది ప్రశ్నట. ప్రశ్న అడగడం తప్పు కాదట. అప్పుడు నేను రాశాను. పొడుగ్గా రాశాను, తప్పుల్తో రాశాను, అందులో సిగ్గులేని మనిషి అన్న మాట ఉంది, దాన్ని పట్టకారుతో పట్టుకుని బయటికి తీశారు. మిగతాదంతా ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక మనిషిని జాతి పేరుతో దొంగ అంటే అది ప్రశ్న. ఆ అన్నవాణ్ణి సిగ్గులేదా అంటే అది అమర్యాద. మళ్ళీ మళ్ళీ ఇదే తిరుగుతోంది నా తలలో, ఆ మిషన్లాగే.

అది కూడా కాదు అసలు. నా ఒళ్ళు మండించింది అది కాదు. ఆ సైటు పెట్టినాయన ఉన్నాడు, పాతరేడియో అంటారు, అందరికీ పెద్దదిక్కు, ఎవరి మిషన్ పాడైనా ఓపిగ్గా కూర్చుని ఏ తీగ ఎక్కడ ఊడిందో చెప్తాడు, నాకూ చెప్పాడు, ఒక ఆదివారమంతా మెసేజీల్లో నాతోనే కూర్చున్నాడు ఒకసారి. ఆయనంటే గౌరవం నాకు. ఉండేది. ఆయన నాకు విడిగా మెసేజి పెట్టాడు. నీ కోపం నాకర్థమైంది మిత్రమా, నీది మంచి మనసు. కానీ మనలో మన మాట, వాళ్ళు ప్రతిదానికీ చర్మాన్ని అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళ కోసం నీ పేరు పాడుచేసుకోకు. దాన్ని బస్సులో నిలబడి చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయాను. వాళ్ళ భాషలో మనం అన్నా మేం అన్నా ఒకటే మాట. నా బుర్రలో తెలుగు ఉంది కదా, అది ఊరుకోదు, ప్రతిదాన్నీ విడదీసి చూస్తుంది, ఇందులో నువ్వున్నావా లేవా అని. ఆ వాక్యంలో నేనున్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేసి, పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, మనం అన్నాడు. వానపాముని వాళ్ళల్లో పడేశాడు. నన్ను తన పక్కన నిలబెట్టుకున్నాడు. నా చర్మం ఎలా ఉంటుందో తెలియక నిలబెట్టుకున్నాడు. పెద్దగా కోప్పడి చెప్పినా ఇంత కాలేది కాదు, ప్రేమగా చెప్పాడు. ఎంతమందికి ఇలా విడివిడిగా, ప్రేమగా చెప్పి ఉంటాడో! నేను అక్కడికి వెళ్ళినప్పట్నుంచీ అందరూ అనుకునే ఆ మర్యాద, ఆ చల్లటి నీడ, అడుగున ఇలా ఉందన్నమాట.

మర్యాద అంటే నాకు ఎప్పుడూ నాన్నే గుర్తొస్తాడు. నాన్న సిటీ బస్సు నడిపేవాడు. బడికి సెలవులైతే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఎక్కిన ప్రతి మనిషికీ నమస్కారం చెప్పేవాడు, వాళ్ళు చెప్పినా చెప్పకపోయినా. చొక్కా కాలరు గుండీ దాకా పెట్టుకునేవాడు, ఎండాకాలం కూడా. ఒకరోజు సాయంత్రం, బస్సు కిటకిటలాడుతోంది, లోపల లైటు పోయింది. ఒకాయన, టై కట్టుకున్నాయన, అందరికీ వినబడేలా, "డ్రైవరు గారూ, కాస్త నవ్వండి, మీరెక్కడున్నారో మాకు తెలుస్తుంది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. వెనక నుంచి చూస్తే నాన్న నవ్వే కనబడి ఉంటుంది. పక్కన కూర్చున్న నాకు చెవి కనబడింది. చెవి తమ్మె దగ్గర్నుంచి మెడ దాకా ఒక నరం తేలి, కొట్టుకుంటోంది. ఇంటికెళ్ళాక అడిగాను, "ఎందుకు నవ్వావు నాన్నా?" అని. కాళ్ళు కడుక్కుంటూ, నావైపు చూడకుండా, "బండి నడపాలి కదమ్మా" అన్నాడు. తర్వాత ఎప్పుడో పెద్దయ్యాక లెక్క అర్థమైంది నాకు. టై కట్టుకున్నాయన మర్యాదస్తుడే, గారూ అన్నాడు, మీరు అన్నాడు, ఒక్క చెడ్డమాట లేదు. నాన్న గానీ బండి ఆపి, దిగరా కిందికి అని ఉంటే, మర్నాడు ఆఫీసులో నిలబడాల్సింది నాన్నే. మర్యాదంటే హద్దు అని కూడా అర్థం ఉంది కదా తెలుగులో. గీత గీసేది వాళ్ళు. దాటావు అనేది కూడా వాళ్ళే. గీతకి అవతల మా నాన్న, స్టీరింగ్ తిప్పుకుంటూ, నవ్వుతూ.

తలుపు తోసుకుని ఫ్రేములావిడ వచ్చింది. కౌంటర్లో ఫ్రేములు చూపించేది ఆవిడే, అందరం అలాగే పిలుస్తాం. పిల్లల ఫ్రేముల పెట్టె కావాలట, తీరా చూస్తే నేను దాని మీదే కూర్చున్నాను.

"తినలేదేంటే? ముఖమేంటి అలా ఉంది, మీ ఆయనేమైనా అన్నాడా?"

"ఆయన కాదు. ఒంటిగంటకి ఫోనుంది. ఒకాయనకి సారీ చెప్పాలి."

"తప్పు నీదా?"

"కాదు."

"మరేముంది, నోటి చివర్నుంచి అనేసి పడెయ్. సారీకేమైనా నూనె ఖర్చా? నేను రోజుకి పాతికసార్లు చెప్తాను, ఒక్కటీ మనసులోంచి రాదు."

నవ్వాను. లేచి పెట్టె ఇస్తే తీసుకుని వెళ్ళిపోయింది, నేను ఇంకోటి లాక్కుని కూర్చున్నాను. ఆవిడ చెప్పిందీ నిజమే. అనేస్తే అయిపోతుంది. సాయంత్రానికి నా పాటలు మళ్ళీ అక్కడుంటాయి, ఇన్నేళ్ళు చేసినవన్నీ, కింద ఎవరెవరో రాసిన మాటలతో సహా. వచ్చే నెల అందరి పాటలూ కలిపి రికార్డు వేస్తున్నారు, అందులో నాది మొదటిది. మా ఇంట్లో ఒక్కరికీ అర్థం కాని దాన్ని అర్థం చేసుకునే చోటు ఈ భూమ్మీద నాకు అదొక్కటే. పోగొట్టుకుంటే ఇంకోటి లేదు. భయం లేదని ఎలా అంటాను? అరచేతులు చీర కొంగుకి తుడుచుకున్నాను, ఫోన్ మళ్ళీ జారింది, నిలబెట్టాను. కెమెరా ఆన్ చెయ్యనా వద్దా అని పొద్దున్నుంచీ తన్నుకుంటున్నాను. గొంతు ఒక్కటే వినిపించొచ్చు. గొంతు వింటే ఆడదాన్నని తెలుస్తుంది, అంతే. ఆయన అన్న ఆ 'మనం'లోనే ఉండిపోవచ్చు. ఫోన్ మోగింది. కెమెరా నొక్కాను.

తెర మీద ఇద్దరున్నారు. పాతరేడియో వెనక గోడనిండా మీటలూ వైర్లూ, దీపాలు మిణుకుమంటున్నాయి, ఆయనది నేననుకున్నట్టే మెత్తటి ముఖం, తెల్లగడ్డం. గుడ్లగూబ చిన్నవాడు, జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటున్నాడు. నా బొమ్మ వెలగగానే పాతరేడియో చూశాడు. చూసి, తప్పు ఇంటి తలుపు కొట్టినవాళ్ళని చూసి నవ్వినట్టు, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"క్షమించాలి, మీరు వేరే కాల్‌లోకి వెళ్ళబోయి ఇందులోకి వచ్చినట్టున్నారు."

"లేదు. నేనే తూనీగని."

ఆయన ముఖం మీద ఏం జరిగిందో నేను చూశాను. నవ్వు అక్కడే ఉంది, దాని వెనకాల ఏవో సామాన్లు గబగబా సర్దుతున్నారు. ఓ అన్నాడు. ఎంత బాగుంది అన్నాడు. ఏం బాగుందో చెప్పలేదు. అప్పటిదాకా రాతల్లో నువ్వు అన్నట్టుండే పలకరింపు, ఉన్నట్టుండి మీరు అన్నట్టయిపోయింది.

"మీరు ముందే చెప్పి ఉండాల్సింది. తెలిస్తే ఆ మెసేజి అలా రాసేవాణ్ణి కాదు."

"రాసేవాడివి కాదు. అనుకునేవాడివే కదా?"

మేం అందర్నీ సమానంగా చూస్తామన్నాడు. మేం. రెండు నిమిషాల కింద నేను అందులోనే ఉన్నాను. తర్వాత చెప్పినవి ఇంకా బాగున్నాయి. సారీ అక్కర్లేదట. మీ పరిస్థితి వేరు, మీ బాధ మాకర్థమైంది అన్నాడు. తాళం ఇప్పుడే తీసేస్తారట. అంతే కాదు, గుడ్లగూబతో పాటు నేనూ సైటు చూసుకుంటే బాగుంటుందట, మీలాంటివాళ్ళు పైన ఒకరుంటే ఇలాంటి అపార్థాలు రావట. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. నేను రాసిన వాక్యం అదే, ఒక్క అక్షరం మారలేదు. తెల్లగా ఉన్నంతసేపూ అది అమర్యాద. ఇప్పుడేమో పాపం, బాధ. నేను చెప్పింది నిజమా అబద్ధమా అని మాత్రం అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. ముందు తమ మనిషినని ఒక ముఖం వేశారు, ఇప్పుడు ఇంకో ముఖం వేసి గుమ్మానికి దిష్టిబొమ్మలా కడదామనుకుంటున్నారు.

"వానపాము రాసింది తిరిగి పెట్టు," అన్నాను. "ఆ సుత్తిగాడు రాసింది తీసెయ్. నాకు విడిగా ఏం చెప్పావో అది అందరి ముందూ చెప్పు."

"ఒక్క నిమిషం, మనం కాస్త మర్యాదగా మాట్లాడుకుందాం."

"ఇదే నా మర్యాద. దీని తర్వాత ఉన్నది తీస్తే నువ్వు తట్టుకోలేవు."

అరవలేదు నేను. నిజంగానే అరవలేదు, గోడ అవతల మిషన్ కూడా వినబడుతోంది. కానీ ఆయన కుర్చీ వెనక్కి జరిగింది, నేనేదో చెయ్యి చేసుకున్నట్టు. చూశారా, ఇలా ఉంటే ఎలా మాట్లాడతాం అన్నాడు, నాతో కాదు, గుడ్లగూబతో. గుడ్లగూబ ఏదో అనబోయాడు, పెదాలు కదిలాయి, మైకు ఆపి ఉందని గుర్తొచ్చి దానికోసం వెతుక్కున్నాడు, అది దొరికేలోపల నా తెర నల్లబడింది. ఈ కాల్ నుంచి మిమ్మల్ని తొలగించారు. ఇదిగో, ఇది మర్యాద. చప్పుడు లేకుండా, ఒక్క చెడ్డమాట లేకుండా, వేలితో. సైటు తెరిచి చూశాను. ఈ పేరుతో ఎవరూ లేరు అంది. వెతికాను. మిషన్ పాట లేదు, నాన్న గొంతున్న పాట లేదు, ఏదీ లేదు. నేను అక్కడ ఎప్పుడూ లేను.

వానపాము నంబరు వెతికి నొక్కాను. ఆలోచించలేదు. మోగుతూనే ఉంది, పెట్టేద్దామనుకునేసరికి ఎత్తాడు. వెనకాల పెద్ద పెద్ద గిన్నెలు తగులుకుంటున్నాయి. తూనీగనన్నాను. గొంతు విని, "నిజంగా నువ్వేనా?" అన్నాడు, సంతోషంగానే. గబగబా చెప్పేశాను అంతా, మెసేజి గురించి, తప్పు కాల్ అనడం గురించి, గుమ్మానికి కట్టడం గురించి, నీ జవాబు పెట్టమని అడిగితే నన్ను తీసేశారని. చెప్తుంటే నాకే ఎక్కడో కాస్త గర్వం, అదిగో నీకోసం ఇంత చేశాను అని. అతను గిన్నెల దగ్గర్నుంచి పక్కకి వెళ్ళినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"అంటే మీరు ముగ్గురూ కూర్చుని నా గురించి మాట్లాడుకున్నారా?"

"నీ తరఫునే కదా మాట్లాడాను!"

"నన్ను కూడా పిలవమని అడిగావా?"

కోపం రయ్యిన లేచింది, ఈసారి ఇతని మీద. ఉన్న ఒక్క చోటూ పోగొట్టుకుని వస్తే ఇదా అడిగేది? నోటిదాకా వచ్చింది మాట. అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే అతను అడిగినదానికి జవాబు ఒక్కటే ఉంది.

"లేదు," అన్నాను.

"అసలు నాకు చెప్పావా?"

"లేదు."

"వారం రోజుల్నుంచీ అందరూ నా గురించే రాస్తున్నారు. మంచివాడినని కొందరు, గొడవలవాడినని కొందరు. నేను రాసింది మాత్రం తీసేశారు. నీకేమనిపించిందిరా అని ఒక్కడంటే ఒక్కడు నన్ను అడగలేదు. ఇంతలో నువ్వు కూడా. నీ మీద కోపం లేదని చెప్పను. ఉంది."

"ఉండనీ," అన్నాను. సారీ అన్న మాట నోట్లోకి వచ్చింది, పొద్దున్నుంచీ దాన్ని అందరూ అటూ ఇటూ విసిరి మాసిపోయేలా చేశారు, అది ఇతనికి ఇవ్వబుద్ధి కాలేదు. "నీకేమనిపించింది? ఇప్పుడు చెప్పు. నేను వింటాను."

"చాలాసేపు పడుతుంది."

"పట్టనీ."

షాపులోంచి యజమాని నా పేరు పెట్టి పిలిచాడు, భోజనం టైము అయిపోయిందని. అటు అతను ఊపిరి పీల్చుకుని, అసలు ఆ పాట ఎలా మొదలైందంటే, అన్నాడు. యజమాని మళ్ళీ పిలిచాడు, ఈసారి గట్టిగా. నేను లేచి, చప్పుడు కాకుండా తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చున్నాను.